చేయి చూసి కొన్న షేర్లు

యాడికి,
14 జూన్ 1964

చి. బాబావలికి మీ చిన్నాయన లాల్ అహమ్మద్ దువా చేసి, ఎవరిచేతా రాయించకుండా సొంతంగా రాసేది.

ఈడ అందరం బాగుండాము. మీ అమ్మ రసూల్‌బీ మోకాలు నొప్పి అంటాది, కడవ మాత్రం వదలదు. వాన సంగతి అడగద్దు. వచ్చిన రోజు టెలిగ్రాం ఇస్తాను.

అసలు విషయానికి వస్తాను. నిన్న తాడిపత్రి బస్సులో వచ్చిన పేపరులో మీ మిల్లు పేరు చూసినాను. చిత్రావతి ఆయిల్ మిల్స్, కదిరి. మద్రాసు షేర్ బజారులో ఆ మిల్లు షేర్లు ఎనిమిది వేలు ఒకే దెబ్బకు ఒకే చేతికి పోయినాయంట. రోజూ పదో ఇరవయ్యో చేతులు మారే షేరు అది. పేపరోడు కూడా నోరు తెరిచి ‘భారీ కొనుగోలు’ అని రాసినాడు.

నేను బడికి పోలేదని నీకు చిన్నచూపు. అయినా పశువుల పరసల్లో దళారీ చేసి ఇంత వయసు తెచ్చుకున్నోణ్ణి. పరసకు వచ్చిన కొత్తోడు ఎద్దును చూస్తాడు. పళ్ళు చూస్తాడు, తోక మెలేస్తాడు, గిట్టలు తడుముతాడు. నేను ఎద్దును చూడను. బేరమాడేటప్పుడు తువ్వాల కింద ఎవురి చేయి ఎవురి చేతిలో ఉండాది, చేయి తీసినాక ఎవురి మొగం ఎట్లుండాది, అది చూస్తాను. పెద్దరైతు ఒకడు పళ్ళు కూడా చూడకుండా నాలుగు జతలు తోలుకుపోయినాడంటే ఆయప్పకు ఏదో తెలిసే ఉంటాది. ఆయన వెనకాల నేనూ ఒక జత కొంటాను. ఎప్పుడూ నష్టపోలేదు. ఆ ఒక్క కుంటెద్దు మాట మీ అమ్మ దగ్గర ఎత్తవాకు.

మా అన్న, అదే మీ నాయన, పోయేముందు నాటిన చీనీ బత్తాయి చెట్లకు ఈ ఏడో వచ్చే ఏడో తొలికాపు రావాల. బావి రాయికి తగిలి నిలిచిపోయింది. మందు పెట్టి రాయి పగలగొడితే తప్ప నీళ్ళు లేవు, నీళ్ళు లేకుంటే తోట లేదు. దానికని దాచిన దుడ్లు ఉండాయి. బ్యాంకులో వేస్తే వడ్డీ, మనకు పనికిరాదు. ఇంట్లో పెడితే ఎలుకలు. షేరయితే లాభానికీ నష్టానికీ పాలు కాబట్టి తప్పులేదని మౌల్వీసాబు చెప్పినాడు. ఆరునెలలు తిప్పినామంటే బావీ అవుతాది, ఆయిల్ ఇంజనూ వస్తాది.

ఆ ఎనిమిది వేలు కొన్న చేయి మీ మేనేజింగ్ డైరెక్టరు ఈశ్వరప్పదేనా? తన మిల్లును తానే ఎగబడి కొంటాండాడంటే లోపల ఏదో ఉండాది. నువ్వు లోపలోడివి. కనుక్కొని రాయి.

మీ చిన్నాయన,
లాల్ అహమ్మద్


కదిరి,
23 జూన్ 1964

చిన్నాయనకు బాబావలి సలాములు.

నువ్వు రాసింది నిజం. నేను లోపలివాడినే. ఎంత లోపలంటే ఎక్స్‌పెల్లరు పక్కన. శెనక్కాయ పప్పును పిండి నూనె తీసే మిషను అది. ఒక షిఫ్టు దాని పక్కన నిలబడితే పప్పులో నూనె ముందు అయిపోతుందో మనిషిలో నూనె ముందు అయిపోతుందో చెప్పలేము. డైరెక్టర్లు కూర్చునే గదిని నేను చూసేది ఆ కిటికీల వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లడానికి పంపినప్పుడే. ఊళ్ళో ఆడవాళ్ళు కడవ నీళ్ళకు కొట్లాడుకుంటుంటే ఇక్కడ గడ్డివేళ్ళు తాగుతున్నాయి. ఆ గదిలో ఉన్న పెద్దమనుషులను చూసి షేర్లు కొనాలని నీకు బుద్ధి పుట్టింది. సంతోషం.

నీ ప్రశ్నకు జవాబు ఈశ్వరప్ప కారు డ్రైవరు బయ్యన్న దగ్గర దొరికింది. అతనూ నేనూ ఒకే గదిలో ఉంటాం. ఆ ఎనిమిది వేల షేర్లు కొన్నది ఈశ్వరప్ప కాదు, బెంగళూరులో ఉండే ఆయన బావమరిది. మరి అమ్మినవాడు? ఈశ్వరప్ప. బావా బావమరిదీ ఒకే కారులో వెళ్ళి, ఒకే హోటల్లో దోసెలు తిని, కాగితాల మీద సంతకాలు చేసుకుని, అదే కారులో తిరిగి వచ్చారు. బయ్యన్నకు కూడా ఒక దోసె పెట్టించారట. “ఏం యాపారం సార్?” అని ఇతను అడిగితే, “మన గొడ్డును మన కొట్టంలోనే ఈ గాటినుంచి ఆ గాటికి మార్చినాం బయ్యన్నా” అని ఇద్దరూ నవ్వుకున్నారట. మద్రాసు పేపరువాడికి ఆ నవ్వు వినపడదు. లెక్క మాత్రం కనపడుతుంది, ‘భారీ కొనుగోలు’ అని అచ్చు వేస్తాడు.

పరసలో ఎవడైనా తన ఎద్దును తన బావమరిదికి అమ్మి, పొద్దుగూకేసరికి తన ఇంట్లోనే కట్టేసుకుంటే నువ్వు వాడి వెనకాల పడతావా? వాడి వీపున రెండు వేస్తావు. షేర్ల దగ్గరికి వచ్చేసరికి నీకు ఆ చెయ్యి ఎందుకు రాదు?

బావికి మందు కొట్టించు. ఎలుకలకు పిల్లిని పెంచు.

ఎక్స్‌పెల్లరు దగ్గరి పెద్దమనిషి,
బాబావలి


యాడికి,
9 ఆగస్టు 1964

చి. బాబావలికి దువా.

మొన్న పోస్టుమాను మన ఇంటి ముందర సైకిలు దిగి, “మీ బాబావలికి రిజిస్టరు కవరప్పా” అని ఇచ్చినాడు. పైన మీ మిల్లు పేరు. ఉద్యోగంలోంచి తీసేసినారేమో అని మీ అమ్మ కొంగు నోట్లో పెట్టుకున్నాది. విప్పి చూస్తే ఏముండాది? పచ్చగా, చుట్టూ పూలతీగ అచ్చేసిన కాగితం. చిత్రావతి ఆయిల్ మిల్స్ షేర్లు ఇరవై. ఎవరి పేరున? షేక్ బాబావలి.

శభాష్‌రా! చిన్నాయనకు పిల్లిని పెంచమని రాసి నువ్వు మాత్రం గమ్మున ఇరవై కొనుక్కున్నావు!

నాకు కోపం లేదు. పరసలో నేను చేసే పనే నువ్వు చేసినావు. మంచి జత కనపడితే పక్కనోడితో “ఆ ఎద్దు దగ్గుతాదప్పా” అనేది, వాడు పక్కకు పోతానే మనం తోలుకొచ్చేది. ఎవురి నోరూ నమ్మద్దు, చేయి చూడాల అని నేను చెప్పేది ఇందుకే. నీ నోరు వద్దన్నాది, నీ చేయి కొన్నాది. నేను చేయినే చూసినాను.

ఆ కాగితం చూసిన మర్నాడే తాడిపత్రి పోయి మిల్లు ఏజెంటు దగ్గర బావి దుడ్లు మొత్తానికీ షేర్లు కొనేసినాను. ఆ ఏజెంటు కూడా “మీ అన్న కొడుకే కొన్నాడు గదప్పా, ఇంకేం అడుగుతావు” అన్నాడు. వాడికి కూడా తెలిసింది, నాకు చెప్పలేదు నువ్వు.

మీ అమ్మ నీ కాగితాన్ని ట్రంకుపెట్టెలో చీర మడతల్లో దాచింది. చీనీ చెట్లు బాగుండాయి. మీ అమ్మ కడవతో పోస్తాంది.

లాభం వచ్చినాక కూడా నిన్ను క్షమించేవాడు,
లాల్ అహమ్మద్


కదిరి,
16 ఆగస్టు 1964

చిన్నాయనా,

సలాం తర్వాత చెబుతాను. ముందు తిట్టనివ్వు. ఆ షేర్లు నేను కొనలేదు. నా మెడకు కట్టారు.

జీతాల రోజు మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టారు. ఫోర్‌మన్ నరసింహప్ప తలా ఒక కాగితం పంచాడు. “ఏందన్నా ఇది?” అన్నాను.

“మీరింక కూలోళ్ళు గాదప్పా. ఓనర్లు.”

“ఓనర్లమైతే ఆ ఫ్యాను రొంత మా పక్కకు తిప్పు.”

“ముందు సంతకం పెట్టు. ఫ్యాను సంగతి వార్షిక సభలో లేచి అడుగుదువులే.”

“పెట్టకపోతే?”

“పెట్టకపోతే రేపట్నుంచి గేటు బయట నిలబడి మిల్లును చూసి మురిసిపో.”

నా వెనక ముసలాయన ఒకడు వేలిముద్ర వేస్తూ అడిగాడు, “ఈ షేర్లు యాడియి సామీ?” అని. నరసింహప్ప గుండె మీద చేయి పెట్టుకుని చెప్పాడు. “అయ్యగారి సొంత షేర్లు. వాళ్ళ ఇంట్లోయి తీసి మీకు పంచుతాండాడు. యా మారాజు చేస్తాడు ఇట్ల?” ఆ మారాజు పంచినదానికి ఏడాది పొడుగునా మా జీతంలో కోత. ఫారంలో ‘స్వగ్రామం’ అని అడిగితే యాడికి అని రాశాను. ఆ పూలతీగ కాగితం అందుకే అక్కడికి వచ్చింది. నాకు తెలిసి ఉంటే చంద్రమండలం అని రాసేవాణ్ణి.

నరసింహప్ప మాట ఇంకోసారి చదువు చిన్నాయనా. ఈశ్వరప్ప అమ్ముతున్నాడు. పేపరులో కనపడే చేత్తో కొంటున్నాడు, మా జీతాల్లో దూరిన చేత్తో అమ్ముతున్నాడు. అమ్మిన ప్రతి షేరుకూ ‘చూడండి, మిల్లులో పనిచేసేవాళ్ళే కొంటున్నారు’ అని మీ తాడిపత్రి ఏజెంటు చాటింపు వేస్తున్నాడు. నా కడుపు కోసి, ఆ పేగులు చూపించి నిన్ను పిలిచారు. నువ్వు పరుగెత్తుకుంటూ వెళ్ళావు.

తక్షణం అమ్మేయ్. వచ్చినంతకు అమ్మి బావి పని మొదలుపెట్టు. అమ్మను కడవ మోయనివ్వకు.

ఓనరు,
బాబావలి


యాడికి,
2 అక్టోబరు 1964

చి. బాబావలికి దువా.

నీ తిట్ల ఉత్తరం అందింది. మీ అమ్మకు చదివి వినిపించేటప్పుడు తిట్లు తీసేసినాను, రెండు వాక్యాలు మిగిలినాయి.

నువ్వు రాసిన కతకు ఒక్కటే లోపం. షేరు ధర పెరిగింది. పదకొండుకు కొన్నది ఇప్పుడు పదమూడు మీద ఉండాది. ఇంకొకటి కూడా పేపరులో చూసినాను. ఈశ్వరప్ప భార్య పేరున పెద్ద మొత్తం కొన్నారంట. బావమరిదన్నావు, సరే. పెండ్లాం పేరున కూడా ఎవుడన్నా కుళ్ళిన సరుకు కొంటాడా? జీతం పట్టుకుని బలవంతంగా లాభం చేసే ఆసామిని నేనింతవరకు చూడలేదు. అట్లాంటోడు దొరికితే మా ఇంటికి కూడా రొంత పంపించు.

ఊళ్ళో నా సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉండాది. కాఫీ హోటలుకు పోతే బెంచీ మీదనుంచి లేచి చోటిస్తాండారు. “ఈ పొద్దు ఎంత అన్నా?” అని అడిగినాకనే వాన గురించి అడుగుతారు. నేను విత్తనం వేసినానని తెలిస్తే నా వెనక గొర్రు కట్టేవాళ్ళు లేరు గానీ, షేర్లు కొన్నానని తెలిసి వీధి వీధే కదిలింది. బొరుగులమ్మే బయమ్మ మేకలమ్మి కొన్నాది. “మీవాడు ఆడనే ఉండాడు గదా చిన్నాయనా, మోసమైతే నీకు చెప్పడా?” అంటాది. పుల్లన్న నీకు తెలుసు కదా, నూరెకరాల పుల్లన్న. నాతో బేరం తప్ప మాట కలపనోడు, ఇప్పుడు దారిలో నిలిపి “నీవి రొన్ని నాకిస్తావా?” అని అడుగుతాండాడు. నేను గడ్డం నిమురుకుని “చూద్దాంలే” అంటాను. ఆ మాట అనడానికే నూరు రూపాయలు ఇవ్వచ్చు.

నీకు సంబంధాలు కూడా వస్తాండాయి. ‘పిల్లోడికి మిల్లులో వాటా ఉండాది’ అని చెప్పుకుంటాండారు. కాదని నేను అనడంలేదు.

బావిలో నీళ్ళు మోకాలి కిందికి దిగినాయి. ఫరవాలేదు. రెండు బావులు తవ్విస్తాను.

గౌరవనీయ షేర్‌హోల్డర్,
లాల్ అహమ్మద్


కదిరి,
20 డిసెంబరు 1964

గౌరవనీయ షేర్‌హోల్డరు చిన్నాయనకు సలాం.

నీ గడ్డం సంగతి చదివి మా గదిలో అందరం ఆనందించాం. సంబంధాలవాళ్ళకు నా వాటా వివరాలు రాసిపంపు. ఎక్స్‌పెల్లర్లు రెండింటిలో ఒకటి చెడిపోయి పండగనుంచి గోనెపట్టా కప్పుకుని పడుకుంది. దానిలో నావంతు ఒక మేకు ఉండవచ్చు. పెళ్ళికూతురు మెడలో కడతాను.

వార్షిక సభ జరిగింది. ఓనర్లు కదా, మమ్మల్ని కూడా రానిచ్చారు, గోడవారగా నిలబడ్డాం. ఈశ్వరప్ప డివిడెండు ప్రకటించగానే మద్రాసునుంచి వచ్చిన పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. నేను లేచి, “బోనసుకు లేని లాభం డివిడెండుకు యాడనుంచి వచ్చింది సార్?” అన్నాను. “మంచి ప్రశ్న” అన్నాడు ఆయన. తర్వాత అందరికీ సేమియా పాయసం ఇచ్చారు. జవాబు అదే అనుకుంటాను. మరునాటి నుంచి నన్ను బాయిలరు బూడిద ఎత్తే పనికి మార్చారు.

పెండ్లాం పేరున కొన్నది నిజమే. కొంటున్నట్టు పేపరులో వచ్చేదాకా కొంటారు. ఆ తర్వాత నెలకు కొన్ని చొప్పున తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం ఏజెంట్ల చేతుల మీదుగా నీలాంటి గౌరవనీయులకు జారవిడుస్తారు. పెద్దమూట కొన్నప్పుడు డప్పు, చిల్లరగా అమ్మేటప్పుడు చెప్పులు విప్పి నడక. ఇది నేను చెప్పినా నువ్వు నమ్మవు. ఈశ్వరప్ప చెబితే నమ్ముతావు, ఆయన చెప్పడు.

నీకు వచ్చే డివిడెండుతోనైనా బావి రాతిలో నాలుగు మందుతూటాలు పేల్చు.

బాబావలి


యాడికి,
28 మార్చి 1965

చి. బాబావలికి దువా.

డివిడెండు వచ్చింది. బావికే అనుకున్నాను. అయితే ఆ రోజే ధర రొంత తగ్గింది, తగ్గినప్పుడు కొనేవాడే తెలివైనోడని ఏజెంటు చెప్పినాడు. ఇంకొన్ని కొన్నాను. దీని గురించి నువ్వు ఏమీ రాయద్దు.

చీనీ ఆకులు ముడుచుకుంటాండాయి. ఎండకు అట్లే అవుతాదని నేను చెప్తాండాను. మీ అమ్మ నాతో మాట్లాడడంలేదు. ఊరి బావినుంచి కడవ తెచ్చి ఒక్కో చెట్టుకు చెంబెడు పోస్తాంది. మీ నాయన పేరు చెప్పి పోస్తాంది, నాకు వినపడేటట్టు.

చెడిపోయిన ఆ ఎక్స్‌పెల్లరు బాగుచేసినారా? ఊరికే అడుగుతాండా.

లాల్ అహమ్మద్


కదిరి,
18 జూలై 1965

చిన్నాయనకు సలాం.

ఎక్స్‌పెల్లరు బాగుచేయలేదు. విప్పి ముక్కలుగా అమ్మారు. ఊరికే అడిగావు కాబట్టి ఊరికే చెబుతున్నాను.

ఈసారి ఎగతాళి లేదు, శ్రద్ధగా చదువు. మిల్లు మూసేస్తారు. ఎప్పుడన్నది తెలియదు, కానీ ఇంక ఎంతో కాలం లేదు. కాయల గోదాము ఊడ్చినట్టుంది, కొత్త సరుకుకు బజారులో ఎవరికీ బయానా ఇవ్వలేదు. ఈశ్వరప్ప ఇంటి మంచాలు, బీరువాలు, పూజ సామాను కూడా బెంగళూరుకు చేరాయి. బయ్యన్నకు లెక్కచూసి పంపేశారు. “మీ పేరున షేర్లు ఏమన్నా ఉన్నాయా సార్ ఇంకా?” అని వెళ్ళేటప్పుడు ధైర్యం చేసి అడిగాడట. ఆయన నవ్వి, “ఓనర్లు మీరే గదప్పా” అన్నాడట.

నువ్వు ఇంతకాలం నన్ను లోపలివాడివి అన్నావు. ఈ ఒక్కసారి నిజంగా లోపలి మాట చెబుతున్నాను. పేపరులో ధర ఇంకా పన్నెండు దగ్గరే ఉంది. ఇది బయటపడేలోగా మొత్తం అమ్మేయ్. తాడిపత్రి వెళ్ళకు, ఏజెంటు కొనడు. పుల్లన్న అడుగుతున్నాడని రాశావు కదా. ఆయనకు ఇచ్చేయ్. నూరెకరాలవాడు, ఈ దెబ్బకు చావడు. ముఖం మామూలుగా పెట్టుకో, గడ్డం నిమురుకో, దుడ్లు లెక్కపెట్టుకుని ఇంటికి వచ్చేయ్. ఎవరికీ ఒక్క మాట చెప్పవద్దు. బయమ్మకు కూడా. ఆడవాళ్ళ నోట పడితే పొద్దుగూకేసరికి పుల్లన్న చెవిలో ఉంటుంది.

ఆ తోట మా నాయన చేతిది. దానికోసం ఈ ఒక్కసారి నా మాట విను.

బాబావలి


యాడికి,
8 ఆగస్టు 1965

చి. బాబావలికి దువా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. ‘ఎవరికీ చెప్పవద్దు, ముఖం మామూలుగా పెట్టుకో, పుల్లన్నకు ఇచ్చేయ్’. ఈశ్వరప్ప వాళ్ళ బావమరిదికి రాసుకున్నది తప్పిపోయి నీ కవరులో వచ్చిందేమో అని కింద సంతకం చూసినాను. నీదే.

కోప్పడవాకు. నేనూ నీ మాట ప్రకారమే చేద్దామని చొక్కా వేసుకుని బయలుదేరినాను. కాఫీ హోటలు దగ్గర పుల్లన్న ఉండాడు, బయమ్మ బొరుగుల గంప పెట్టుకోని ఉండాది, షేర్లు కొన్న మిగతావాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఉండారు. నన్ను చూస్తానే బెంచీ ఖాళీ చేసినారు. ఆ బెంచీ మీద కూర్చోలేకపోయినాను. నిలబడి చెప్పేసినాను.

“అప్పా, మిల్లు మూస్తారంట. మావాడు రాసినాడు. మన షేర్లు కుళ్ళినాయి.”

బయమ్మ గంప మీద చేయి వేసి అట్లే కూర్చుండిపోయింది. “నా మేకలు చిన్నాయనా” అన్నాది. తిట్టింటే బాగుండు.

పుల్లన్న మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి నవ్వినాడు. “ఏమప్పా లాల్ అహమ్మదూ, ఎవురికి చెప్తాండావు ఈ కతలు? అందరినీ బెదిరిచ్చి సగం ధరకు నువ్వే కొనుక్కుందామనా?”

“నిజ్జంగా కుళ్ళినాయి పుల్లన్నా.”

“కుళ్ళినాయా? అయితే నీవి నాకియ్యి. ఇంట్లో దుడ్లుండాయి, ఇప్పుడే తెస్తా. ఇయ్యి, ఏం?”

బాబావలీ, ‘సరే’ అనే మాట నాలుక మీదికి వచ్చింది. ఆయప్పకు చెప్పినాను కదా, అందరి ముందర చెప్పినాను కదా, ఇంక నా తప్పేముండాది అనిపించింది. మీ అమ్మ కడవ కనపడింది. జేబులో నీ ఉత్తరం కూడా ‘ఇచ్చేయ్’ అంటాంది. కానీ చస్తాదని తెలిసిన గొడ్డును ఇంకొకరి ఇంటికి తోలి ఆ దుడ్లతో తవ్విన బావి నీళ్ళు మా అన్న చెట్లకు ఎట్ల పోయాల?

“ఇయ్యను” అన్నాను.

ఆ మాటతో పుల్లన్న లేచి నిలబడినాడు. “చూసినారా? ఇయ్యడంట! కుళ్ళినదాన్ని ఎవుడన్నా ఒళ్ళో పెట్టుకోని కూర్చుంటాడా? వాళ్ళ పిల్లోడు లోపలుండాడు, ఈయప్ప ఈడ షేర్లు ఇయ్యడు, మనల్ని మాత్రం పారేయమంటాడు! నేనేమన్నా గడ్డి తింటాండానా?”

అయిపాయ. ఆ సాయంత్రమే ఇంటింటికీ పోయి కొన్నాడు. పేపరు ధర కంటే అర్ధరూపాయి ఎక్కువిచ్చి కొన్నాడు, నేను అడ్డం పడతానేమో అని. మనోళ్ళు నా మాట నమ్మినారు కాబట్టి అమ్మినారు. ఆయప్ప నా చేయి నమ్మినాడు కాబట్టి కొన్నాడు. నేను రెండోసారి ఆయన చేను దగ్గరకు పోయి చెప్పినాను. మూడోసారి ఇంటికి పోయి, నీ ఉత్తరం విప్పి ముందర పెట్టినాను. చదివి, “భలే రాయించినావప్పా” అన్నాడు. మూడోసారి చెప్పినాక ధర ఇంకో రూపాయి పెంచినాడు. ఇంక చెప్తే ఇల్లు కూడా అమ్మి కొంటాడేమో అని భయపడి ఊరుకున్నాను.

బయమ్మ మేకలు మళ్ళీ కొనుక్కున్నాది. ఒకటి ఎక్కువే కొన్నాది. వీధిలో షేర్లు మిగిలింది పుల్లన్న దగ్గర, నా దగ్గర, మీ అమ్మ ట్రంకుపెట్టెలో నీ ఇరవై.

చీనీ చెట్లు సగం ఎండినాయి. మిగతా సగానికి ఇంకొక నెల ప్రాణం ఉంటాదేమో. బావికి దుడ్లు లేవు. మీ అమ్మ మాట్లాడడం మొదలుపెట్టింది. మొదటి మాటగా కడవ నా చేతికిచ్చి, “మోయి” అన్నాది. మోస్తాండాను.

లాల్ అహమ్మద్


కదిరి,
20 ఆగస్టు 1965

చిన్నాయనకు సలాం.

మొన్న సోమవారం పొద్దున వెళ్ళేసరికి గేటుకు తాళం, తాళం పక్కన ఒక కాగితం. ‘యాజమాన్యం విచారిస్తున్నది’ అని ఉంది. ఓనర్లందరం గేటు బయట నిలబడి మాకు మేమే విచారించాం. ఈశ్వరప్ప ఆరోగ్యం బాగుచేసుకోవడానికి ముందే బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆఖరి జీతం నరసింహప్ప వేపచెట్టు కింద స్టూలు వేసుకుని పంచాడు, షేర్ల కోత పోను. ఈ నెల కూడా కోత ఎందుకన్నా అని అడిగితే, “ఆఖరి కంతు గదప్పా, ఇంకమీదట షేర్లు పూర్తిగా నీవే” అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఆయన మెడకు వంద కట్టారట.

నీ ఉత్తరం చదివి నాకు పిచ్చికోపం వచ్చింది. వీధి మొత్తాన్ని గట్టెక్కించి నువ్వొక్కడివే మునిగావు. పుల్లన్న దుడ్లు పట్టుకుని వస్తానంటే ‘ఇయ్యను’ అన్నావు. ఈశ్వరప్ప ఉత్తరం నా కవరులో వచ్చిందన్నావు. రెండు రోజులు ఆ మాటే నమిలి, మూడోరోజు రాయి కొట్టే మనిషిని వెతకబోయాను.

ఇక బావి సంగతి. నాతో పనిచేసిన నారాయణ అని ఒకడున్నాడు. మిల్లుకు రాకముందు వాళ్ళ ఇంట్లో అందరూ బావుల్లో రాయి కొట్టేవాళ్ళే. ఎక్కడ తూటా పెడితే రాయి ఏ పక్కకు విచ్చుతుందో వాడికి తెలుసు. ఆఖరి జీతాలు ఇద్దరివీ కలిపితే మందుకు సరిపోతుంది, కూలికి మిగలదు. కూలి వద్దు, మూడు పూటలా సంగటి చాలన్నాడు. రాయి దిగేదాకా ఉంటానన్నాడు. రాయి అడుగున నీళ్ళుంటాయని మాట ఇవ్వను. ఉన్నవాటిని మాత్రం ఆ రాయిని దాచనివ్వను.

అమ్మకు చెప్పు, ఆ సగం చెట్లకు పోయడం ఆపవద్దని. ఎండినవాటిని కొట్టేయవద్దు, నేను వచ్చి చూస్తాను.

గురువారం బస్సులో దిగుతాం. గడ్డపారలు, సమ్మెటలు గోనెసంచిలో చుట్టి తెస్తున్నాం. నువ్వు బస్టాండుకు రావద్దు, హోటలు దగ్గర నా పేరెత్తవద్దు. కదిరి మిల్లువాడు సంచిలో ఏదో దాచుకుని వచ్చి సొంత బావిలోకి దిగాడని తెలిసిందంటే, మన చుట్టుపక్కల చేలన్నీ పుల్లన్న పొద్దుగూకేలోగా కొనేస్తాడు.

బాబావలి